గంధకం రాసుకున్న మూడు రోజులు

మా మేడ మీద గదిలో నలుగురు అమ్మాయిలు కిరాయికి ఉంటున్నారు. అశోక్ నగర్‌లో ఇప్పుడు ఏ మేడ మీద చూసినా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. పొద్దున్నే పుస్తకాల సంచీ తగిలించుకుని చిక్కడపల్లి గ్రంథాలయానికి పోతారు, చీకటి పడ్డాక వస్తారు. ఈ నలుగురిలో మౌనిక అనే పిల్ల మహబూబాబాద్ వైపు నుంచి వచ్చింది. నోరు ఊరుకోదు. శనివారం నేను గారెలు వేశానంటే నలుగురిలో అందరికంటే ముందు పిలవకుండానే వాసనకు దిగివచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి కబుర్లు చెబుతుంది. మా ఆయన పోయాక ఈ ఇంట్లో మనిషి మాట వినపడుతోందంటే సగం ఆ పిల్ల పుణ్యమే. అలాంటిది మొన్న వేసవిలో ఒక శనివారం, రెండుసార్లు కేకేస్తే గాని రాలేదు. వచ్చింది కదా, మండిపోయే ఎండలో పొడుగు చేతుల చొక్కా, దానిమీద చున్నీ. గారెల పళ్ళెం అందిస్తే చేత్తో అందుకోలేదు. చున్నీ అంచు వేళ్ళమీదికి లాక్కుని, ఆ గుడ్డతో పళ్ళెం పట్టుకుంది.

అలా చెయ్యి దాచుకుని వస్తువు అందుకున్న మనిషిని నా చిన్నతనంలో ఒకరిని చూశాను. ఆవిడ మా బామ్మ.

"చెయ్యి చూపించు" అన్నాను.

"ఏం లేదాంటీ, చెమటకాయలు."

"చెమటకాయలు వేళ్ళ సందుల్లో వస్తాయటే? చూపించమంటే చూపించు."

నా గొంతు అంతే. ఏళ్ళ తరబడి పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పిన గొంతు అది, బతిమాలడం రాదు. పిల్ల చున్నీ తీసింది. వేళ్ళ సందుల్లో, మణికట్టు చుట్టూ ఆవగింజలంత నీటి పొక్కులు, గోకి గోకి ఎర్రగా పుండ్లు పడ్డాయి. "ఇది గజ్జే తల్లీ" అన్నాను. అనగానే బావురుమంది. ఏడుస్తూనే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయి, మళ్ళీ ఆ చేత్తో నన్ను తాకకూడదనుకుని వెనక్కి లాక్కుంది.

"మెల్లగ అనుండ్రి ఆంటీ, పైన వినపడ్తది. నెలన్నర నుంచి ఇదే పరేషాన్. మెడికల్ షాపుల చూపిస్తే ఒక ట్యూబు ఇచ్చిండు. నాలుగు రోజులు మంచిగున్నది, తర్వాత ఇంక ఎక్కువైంది. అమ్మకు ఫోన్ చేస్తే వేపాకు, పసుపు నూరి పెట్టుకోమన్నది. చేతులు పచ్చగైనయి గాని దురద పోలే. పరీక్ష ఇంక ఇరవై రోజులే ఉంది. ఇంతకు ముందు ఉన్న హాస్టల్ల ఒక పిల్లకు ఇట్లనే అయితే సామాన్ తీసి బయట పెట్టిన్రు." నా మొహం చూడకుండా అడిగింది. "నన్ను గూడ ఖాళీ చెయ్యమంటరా ఆంటీ?"

ఒకప్పుడు గజ్జి పట్టిన కిరాయిదారు పిల్లను నేనే. ఇప్పుడు ఇంటి యజమానురాలినీ నేనే.

సోమవారం నారాయణగూడలో చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్నపిల్ల, మా మౌనిక కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. ఒక అద్దం లాంటిది తన ఫోనుకు తగిలించి మౌనిక వేళ్ళమధ్య పెట్టి, "చూడండి మేడం, ఈ గీత చివర చిన్న త్రిభుజం కనిపిస్తోందా? అదే పురుగు. చర్మం కింద సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది" అని చూపించింది. చిన్నప్పుడు నన్ను నెలల తరబడి ఏడిపించిన శత్రువు మొహం అప్పుడు చూశాను. ఇంతోటి నలుసు కోసమా మా ఇల్లు ఇల్లంతా అల్లకల్లోలమైంది అనిపించింది. దుకాణంలో ఇచ్చిన ట్యూబు దురదను మాత్రం కప్పిపెట్టి లోపల రోగాన్ని పెంచిందట. చీటీ మీద ఒక క్రీము రాసిచ్చింది, మెడ దగ్గర నుంచి కాలి గోళ్ళ దాకా సాయంత్రం పూసుకుని పొద్దున్న కడుక్కోవాలి, వారం తరవాత మళ్ళీ ఒకసారి. అవసరమైతే బరువును బట్టి మింగే మాత్రలు కూడా ఉన్నాయంది. నాకు ఊరుకోబుద్ధి కాక, మా కాలంలో గంధకం వాడేవాళ్ళమని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "గంధకం ఇప్పటికీ మంచి మందే మేడం. నెలల పిల్లలకూ, కడుపుతో ఉన్నవాళ్ళకూ మేమూ ఇస్తాం. వాసనకు భయపడి జనం మానేశారు గాని. ఏ మందైనా ఒక్కరే రాసుకుంటే పని చెయ్యదు. గదిలో ఉన్న నలుగురూ ఒకే రోజు రాసుకోవాలి, దురద ఉన్నా లేకపోయినా" అంది.

ఆటోలో కూర్చున్నాక మౌనిక ఖండితంగా చెప్పింది. "వాళ్లకు చెప్పను ఆంటీ. నా గ్లాసు, నా పళ్లెం వేరే పెడ్తరు. ఒకే స్టవ్ మీద వండుకుంటున్నం. పరీక్ష ముంగట నాతోని ఎవ్వరు మాట్లాడకుంటే నేను చదవలేను. నేనొక్కదాన్నే రాసుకుంట." ఒక్కదానివే రాసుకుంటే మళ్ళీ వస్తుందే అంటే, తల అడ్డంగా ఊపింది. ఆటో చిక్కడపల్లి సందుల మీదుగా తిరిగింది. మేం ఒకప్పుడు కిరాయికి ఉన్న సందు చివర ఇప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. ఆ సందు మొగ దాటుతున్నప్పుడు ఈ పిల్లకు ఏం చెయ్యాలో ఇంకా తెలియదు గాని, ఎవరిని తలుచుకోవాలో మాత్రం తెలిసింది.

ఆమె పేరు అనసూయమ్మ. మా ఇంటి యజమానురాలు. ముందు భాగంలో వాళ్ళు, వెనక రెండు గదుల్లో మేము. నాన్న రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు హైదరాబాదు వచ్చిన గుమాస్తా. మాది తెనాలి దగ్గర పల్లె. అనసూయమ్మ గారి భర్తకు చిక్కడపల్లి చౌరస్తాలో సైకిళ్ళు గంటలెక్కన అద్దెకిచ్చే దుకాణం ఉండేది. రెండిళ్ళకూ మధ్య ఒకే వాకిలి, ఒకే నల్లా, ఒక నందివర్ధనం చెట్టు. వాళ్ళమ్మాయి సరోజా నేనూ ఒకే తరగతి. నారాయణగూడలో ఆడపిల్లల బడికి చేతులు పట్టుకుని నడిచి వెళ్ళేవాళ్ళం, ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. సరోజ చుట్టాల పిల్లలంతా అనసూయమ్మ గారిని పెద్దమ్మ అనేవాళ్ళు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. మా అమ్మకు మాత్రం ఆ ఊరి మాటా, కారాలూ, సకినాలూ ఏవీ ఓ పట్టాన పడేవి కావు. "మనూళ్ళో ఇలా ఉండదు" అనేది రోజుకు పదిసార్లు. అమ్మ మంచిదే, కాకపోతే ఊరు మారి వచ్చిన మనిషికి ఉండే బెదురు తనలో కాస్త ఎక్కువ.

బామ్మకు మడి ప్రాణం. తెల్లవారుజామునే స్నానం చేసి, ఎవరూ తాకకుండా ఎత్తు దండెం మీద ఆరేసిన చీరను కర్రతో దించుకుని కట్టుకుంటే, వంటా పూజా భోజనమూ అయ్యేదాకా ఆవిణ్ణి ఎవరూ తాకకూడదు. పొరపాటున నా పరికిణీ అంచు తగిలిందా, మళ్ళీ స్నానం, నాకు తిట్లు. పూజకు పూలు మాత్రం పెద్దమ్మే కోసి ఇచ్చేది. ఇవ్వడం అంటే చేతికి కాదు, పైనుంచి వదలడం. బామ్మ దోసిలి పడితే పెద్దమ్మ జానెడు ఎత్తునుంచి నందివర్ధనాలు జారవిడిచేది. రోజూ పొద్దున్నే ఇద్దరూ అలా ఎదురెదురుగా నిలబడేవాళ్ళు, వేళ్ళు తగిలేవి కావు. అలాంటి బామ్మకు భోజనం అయ్యాక మాత్రం నేను కావాలి. ఆవిడ పక్కనే, ఆవిడ బొంతలోనే దూరి పడుకునేదాన్ని. కర్పూరం, తమలపాకు, పాత నేత చీర కలిసిన వాసన. ఇప్పటికీ గుళ్ళో హారతి కళ్ళకద్దుకుంటే ఆ బొంతే గుర్తొస్తుంది నాకు.

ఆ ఏడు బామ్మ మా ఊరివాళ్ళతో కలిసి కాశీ వెళ్ళింది. సత్రంలో పది రోజులుండి, గంగ చెంబుతో, కాశీ దారాలతో తిరిగి వచ్చింది. వీధి వీధంతా వచ్చి ఆవిడ కాళ్ళకు మొక్కింది. ఇది జరిగిన నెలకో నెలన్నరకో నా వేళ్ళమధ్య దురద మొదలైంది. కాశీకీ గజ్జికీ ముడిపెట్టాలని ఎవరికీ తోచలేదు. తోచినా నోటితో అనే ధైర్యం ఎవరికుంది? అమ్మ మాత్రం వెంటనే తీర్పు చెప్పేసింది. "ఆ సరోజతో మట్టిలో ఆడి తెచ్చుకుంది. ఇకనుంచి వాళ్ళ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా." నల్లా దగ్గర బిందె నింపుకుంటూ, అనసూయమ్మ గారు వినేలాగానే అంది. ఆమె విన్నది. బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. ఖాళీ చెయ్యమంటే మా బతుకేమయ్యేదో. ఆ రోజుల్లో రెండు గదులు దొరకాలంటే నాన్న ఎన్ని వీధులు తిరగాలి!

వైద్యం మొదలైంది. అమ్మది వేపాకూ పసుపూ. నూరి ఒళ్ళంతా పట్టించి, ఎండలో నిలబెట్టి, ఎర్రసబ్బుతో తోమేది. ఆ పూటకు చల్లగా ఉండేది, మర్నాటికి మామూలే. ఎవరో చెబితే కానుగ నూనె కూడా అయింది, దాని కంపు అన్నం ముద్దలోకి కూడా వచ్చేది. ఇలా కాదని నాన్న నన్ను నారాయణగూడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. సీసా మనమే పట్టుకెళ్ళాలి. కాంపౌండరు అందులో పాలలాంటి తెల్లమందు పోసిచ్చాడు. అబ్బబ్బ, ఆ మంట! గోకిన పుండ్ల మీద నాన్న దూదితో అద్దుతుంటే వాకిలి చుట్టూ పరుగులు పెట్టాను. నాన్న విసనకర్ర పట్టుకుని నా వెనకాలే పరుగెత్తుతూ విసిరాడు. కోపమొస్తే కొట్టే నాన్న, ఆ సాయంత్రం విసురుతూ విసురుతూ కళ్ళు తుడుచుకున్నాడు. డాక్టరు ఇంట్లో అందరూ రాసుకోవాలనే చెప్పాడు. నాన్న వచ్చి అమ్మతో ఆ మాటే అన్నాడు. "అందరూ అంటే దురద ఉన్న అందరూ అని లెండి" అంది అమ్మ. తనకూ నాన్నకూ అప్పటికే కొద్దికొద్దిగా మొదలైంది కనక వాళ్ళూ రాసుకున్నారు. "మరి మా అమ్మ?" అన్నాడు నాన్న. అమ్మ చెంపలేసుకుంది. "కాశీ వెళ్ళొచ్చిన మనిషికి గజ్జేమిటండీ, కళ్ళు పోతాయి! ఆవిణ్ణి అసలు ఎవరు ముట్టుకుంటారని అంటుకోవడానికి?"

తగ్గింది. పదిహేను రోజులు హాయిగా ఉన్నాం. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తెల్లమందు, మళ్ళీ మంట, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. బళ్ళో పంతులమ్మ నన్ను తలుపు పక్కన వేరే స్టూలు మీద కూర్చోబెట్టింది. సరోజ బల్ల మీద నా చోటు ఖాళీగా ఉండేది, అది అక్కణ్ణుంచి తిరిగి తిరిగి నావైపు చూసేది. నేను చూసేదాన్ని కాదు. అమ్మ చెప్పింది కదా, నాకీ రోగం వాళ్ళింటి నుంచే వచ్చిందని. పదేళ్ళ బుర్ర, నమ్మేశాను.

బామ్మ జపానికి గుడ్డసంచి ఒకటి ఉండేది, గోముఖి అంటారు. అందులో చెయ్యి పెట్టి లోపల తావళం తిప్పుతుంది, బయటికి కనపడదు. ఆ నెలల్లో బామ్మ జపం బాగా ఎక్కువైంది. కాశీ మహిమ అనుకున్నాం. పక్కన కూర్చున్న నాకు మాత్రం ఆ సంచి కదలిక వింతగా అనిపించేది. పూసలు అంత గబగబా తిరుగుతాయా? ఒకసారి అడిగాను కూడా. "నోరు మూసుకో" అంది బామ్మ. మడి తగువులు తప్పించి ఆవిడ నన్ను కసురుకోవడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది గాని అర్థం కాలేదు. అర్థం చేసుకున్నది వాకిట్లో ఉన్న ఇంకో మనిషి. రోజూ దోసిలి పట్టే బామ్మ, కొన్నాళ్ళుగా చేతులు కొంగులో ఉంచుకుని పూలసజ్జ ముందుకు తోస్తోంది. పెద్దమ్మ సజ్జలో పూలు వేస్తోంది, చూస్తోంది.

ఒక శనివారం మధ్యాహ్నం అనసూయమ్మ మా వరండా మెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. తల మీద కొంగు కప్పుకుని, పెద్దరికం ముందు తప్పు ఒప్పుకునే మనిషిలా. ఖాళీ చెయ్యమంటుందని అమ్మ భయపడింది. ఆమె అమ్మ వైపు చూడనే లేదు. బామ్మతో చెప్పింది.

"అమ్మగారూ, తప్పు మాదే. మీ కోడలు అన్నది నిజం. మా ఇంట్ల అందరికీ గజ్జి లేచింది. మా పిల్లల తానికెల్లే మీ శారదకు అంటింది. మన్నించుండ్రి. రేపు ఐతారం మేమంత గంధకం రాసుకుంటున్నం. ఒక్కటే నల్లా, ఒక్కటే వాకిలి. మేము రాసుకొని మీరు రాసుకోకుంటే మళ్ల మాకే వస్తది. జర మా మీద దయ చూడుండ్రి. దురద ఉన్నోళ్లు, లేనోళ్లు, అందరు రాసుకోవాలె. మీరు గూడ."

బామ్మ గోముఖి ఆగింది. "ఎన్నాళ్ళు?"

"మూడు దినాలు. నడుమ స్నానం చెయ్యొద్దు."

అమ్మ "రామ రామ" అనబోయింది. స్నానం లేకపోతే మడి లేదు, మడి లేకపోతే పూజ లేదు, వంట లేదు. పురుడొచ్చినా జ్వరమొచ్చినా స్నానం మానని మనిషి మా బామ్మ. చాలాసేపు నందివర్ధనం చెట్టు వైపు చూసింది. తరవాత, "మూడు రోజులు మైల పట్టామనుకుందాం. వాళ్ళంతగా అడుగుతుంటే కాదంటామా" అంది. ఆ గొంతులో ఏదో దిగిపోయిన నిశ్చింత వినిపించింది. అది మొయ్యలేని బరువు దించుకున్న గొంతని నాకు పెద్దయ్యాక తెలిసింది.

సరోజ వాళ్ళ నాన్న సుల్తాన్ బజార్ నుంచి గంధకం తెచ్చాడు. పెద్దమ్మ కల్వంలో మెత్తగా నూరి, గోరువెచ్చటి కొబ్బరినూనెలో కలిపింది. మరునాడు పొద్దున రెండిళ్ళవాళ్ళం పసుపు బొమ్మల్లా తయారయ్యాం. దీపావళి మర్నాటి వీధి వాసన మా వాకిలంతా. పాలవాడు గేటు బయటే నిలబడి చెంబు అక్కడ పెట్టమన్నాడు. సోమ, మంగళవారాలు నాన్న సెలవు పెట్టాడు. బట్టలన్నీ పెద్ద డేగిశాలో ఉడికాయి, బామ్మ బొంత మేడెక్కి ఎండలో పడుకుంది. మంట లేదు, ఏడుపు లేదు. పైగా రెండిళ్ళకూ ఒకటే రోగం కనక, ఇక దూరం ఎందుకని సరోజా నేనూ మళ్ళీ కలిసి కూర్చున్నాం. మూడు రోజులు అచ్చనగండ్లు ఆడాం. నిజం చెప్పనా, నా బాల్యంలో అంత సంతోషంగా గడిచిన మూడు రోజులు ఇంకొన్ని ఉన్నాయో లేవో.

బామ్మకు ఎవరు రాయాలన్నది పెద్ద సమస్య అయి కూర్చుంది. కోడలి ముందు ఒళ్ళు చూపించడానికి ఆవిడ ఒప్పుకోదు. పెద్దమ్మే గిన్నె పట్టుకుని వచ్చి, బామ్మ ఎదురుగా చాప మీద కూర్చుంది. బామ్మ కొంగులోంచి చేతులు తీసి దోసిలి పట్టింది, పూలకు పట్టినట్టే. నేను గుమ్మంలోంచి చూశాను. నా చేతులకంటే అధ్వాన్నంగా ఉన్నాయవి. వేళ్ళ సందులన్నీ పచ్చిపుండ్లు. పెద్దమ్మ ఆ చేతుల్ని తన ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వేలూ విడదీసి రాసింది. ఏళ్ళ తరబడి తగలకుండా పూలు వదిలిన చేతులవి.

"అనసూయా, నీ చేతులు చల్లగా ఉన్నాయే" అంది బామ్మ. అంతవరకూ మా ఇంట్లో ఆమె 'ఇంటావిడ' మాత్రమే.

"కొబ్బరి నూనె గదా అమ్మగారూ" అంది పెద్దమ్మ.

ఆ తరవాత గజ్జి మళ్ళీ రాలేదు. అమ్మ క్షమాపణ చెప్పే రకం కాదు, గోంగూర పచ్చడి జాడీడు కలిపి పంపించింది. ఏ మందు పని చేసిందన్న వాదన మాత్రం మా ఇంట్లో ఏళ్ళపాటు నడిచింది. నాన్న తెల్లమందు వల్లే అనేవాడు, లోపల పని చేసుకుంటూ పోయి చివరికి తగ్గించిందట. అమ్మ వేపాకు పక్షం. బామ్మ వాదించేది కాదు. మడి ఆవిడ చివరిదాకా మానలేదు, కాని పూలు మాత్రం ఆ రోజునుంచి పెద్దమ్మ చేతిలోంచి తన చేతిలోకి తీసుకుంది. అమ్మ ఏమన్నా అంటే, "పూలకు మడేమిటే" అని కొట్టిపారేసేది.

పెద్దమ్మ పోయిన పదకొండో రోజున, రాంనగర్‌లో సరోజ వాళ్ళింటి మెట్ల మీద కూర్చుని ఇవన్నీ తలుచుకుంటున్నాం ఇద్దరమూ. అప్పటికి మాకు నడివయసు దాటుతోంది. "మీకు గజ్జి రాకపోతే మాకు మందే తెలిసేది కాదు" అన్నాను. సరోజ అంత దుఃఖంలోనూ ఫక్కున నవ్వింది.

"పిచ్చిదానా, మాకెక్కడిది గజ్జి? మా ఇంట్ల ఎన్నడు లేకుండె. మూడు దినాలు ఊకెనే రాసి కూసోబెట్టింది మమ్ములను. లేని గజ్జికి గంధకం ఏందే అని మా నాయిన మొత్తుకున్నడు. అమ్మ ఏమన్నదో ఎర్కనా? ముసలామెను ఒక్కదాన్నే రాసుకో అంటే రాసుకుంటదా, ఇజ్జత్ ఉన్న మనిషి, మనం గూడ రాసుకోవాలె అన్నది."

అన్నేళ్ళుగా నేను సరోజ వాళ్ళను మనసులో క్షమించేశానని, అది నా గొప్పతనమని అనుకుంటూ బతికాను! నిందించిన వాళ్ళింటికే వచ్చి, ఆ నింద నిజమేనని నెత్తిన వేసుకుని, అది నిజమని నమ్మించడానికి మొగుడికీ పిల్లలకూ కంపు మందు పూసి కూర్చోబెట్టిన మనిషి. ఆమె బతికుండగా ఒక్క దండం పెట్టలేదు నేను. ఆ మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడిస్తే, చూసినవాళ్ళు కూతురు సరోజా నేనా అని అడిగారు.

ఆటో దిగాక మౌనికను పైకి పంపి సరోజకు ఫోన్ చేశాను. అంతా విని, "గట్లనే చెప్పు మరి. గాని ఊకె నోటిమాట నడవది శారదా. నువ్వు గూడ రాసుకోవాలె, మెడ నుంచి గోటి దాక" అంది.

ఆ సాయంత్రం మేడ ఎక్కాను. నలుగురూ ఉన్నారు. "అమ్మాయిలూ, నాకు గజ్జి వచ్చింది" అన్నాను. "మౌనికను తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. ప్రతి శనివారం నా చేతులు పట్టుకుని వంటింట్లో తిరిగారు, మీకూ అంటుకునే ఉంటుంది. తప్పు నాది. ఇదిగో అందరికీ క్రీము తెచ్చాను. ఇవాళే రాసుకోవాలి, దుప్పట్లన్నీ వేడినీళ్ళలో వేసుకోవాలి. మీరు రాసుకోకపోతే నాకు తగ్గదు, కాస్త ఈ ముసలిదాని మీద దయ చూడండి." మౌనిక గోడకు ఆనుకుని బొమ్మలా నిలబడింది. మిగతా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శ్రావణి అనే పిల్ల ముందుకొచ్చింది. "ఆంటీ, నాకు గూడ వారం నుంచి నడుము దగ్గర దురద. చెప్తే ఏమనుకుంటరో అని…" ఆ మాట పూర్తికాకముందే ఇంకో పిల్ల చెయ్యి చాపి చూపించింది. ఒకే గదిలో, ఒకే స్టవ్ దగ్గర, ఎవరికి వాళ్ళు దాచుకుంటూ గోక్కుంటున్నారు పాపం!

ఇప్పటి మందుకు వాసన లేదు, మంట లేదు, స్నానం మానక్కర్లేదు. వారం తేడాతో రెండు రాత్రులు చాలు. మా నాన్న ఉంటే విసనకర్ర పక్కన పెట్టి సంతోషించేవాడు. ఈ కాలాన్ని తిట్టేవాళ్ళతో నేను గొంతు కలపను, ఫోనులో పురుగును చూపించే డాక్టరమ్మకు చేతులెత్తి మొక్కుతాను. కాని మందు ఎంత మారినా దాన్ని అందరిచేతా ఒకే రోజు రాయించే పని మాత్రం ఇప్పటికీ అనసూయమ్మ గారి పద్ధతిలోనే చెయ్యాల్సి వచ్చింది. పిల్లలకు తగ్గింది. వారం తరవాత రెండోసారి కూడా రాసుకున్నారు. పరీక్ష నలుగురూ కలిసి వెళ్ళి రాసొచ్చారు, ఫలితాలు ఇంకా రాలేదు.

ఆ మొదటి సాయంత్రం నేను కిందికి దిగి, సరోజ మాట ప్రకారం క్రీము రాసుకుంటూ కూర్చున్నాను. చేతులయ్యాయి, కాళ్ళయ్యాయి. వీపు అందలేదు. మా ఆయన ఉన్న రోజుల్లో రాని ఇబ్బంది ఇది. అప్పుడు తలుపు తోసుకుని మౌనిక వచ్చింది. ఏమీ అడక్కుండా ట్యూబు నా చేతిలోంచి తీసుకుని వెనకాల కూర్చుంది. నెలన్నరగా చున్నీలో దాచుకున్న ఆ వేళ్ళు నా వీపు మీద ఆనాయి. చల్లగా ఉన్నాయి. సగం రాశాక చెయ్యి ఆగింది.

"ఆంటీ" అంది. "మీకు ఎక్కడ గూడ ఒక్క పొక్కు లేదు."

"నీకు చీకట్లో కనిపించదు గాని, రాయి" అన్నాను. "సందులు వదలకుండా రాయి."